తలుపు ఎనక సుద్ద లెక్క

(విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. రాత్రి తొమ్మిదిన్నర. 8:05కి మొదలైన ప్రోగ్రామింగ్ పోటీ ఇంకో అరగంటలో అయిపోతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెమట కారుతూనే ఉంది. సముద్రం పక్కన ఇల్లంటే అంతే మరి. మనవడు ల్యాప్‌టాప్ ముందు, మామ్మ గరిటెతో వంటింటి గుమ్మంలో.)

మామ్మ: బేగి రారా! కానాగంత సేపల పులుసు సల్లారిపోతంది.

మనవడు: ఉండు మామ్మా, మళ్ళీ టీఎల్ఈ వచ్చింది.

మామ్మ: ఈయేళప్పుడు ఎవులొచ్చినారు?

మనవడు: ఎవరూ రాలేదు! టైమ్ లిమిట్ దాటింది. ఇచ్చిందే రెండు సెకన్లు.

మామ్మ: రెండు సెకన్ల పనికి గంటన్నర కూకున్నావా?

మనవడు: లెక్కలో రెండు లక్షల రోజుల ధరలిచ్చాడు, కె, టి అని ఇంకో రెండు అంకెలిచ్చాడు. ఏ రోజుకారోజు, వెనక కె రోజుల సగటు చూడాలి. అది టి కన్నా తగ్గని రోజులెన్నో చెప్పాలి.

మామ్మ: నువ్వేటి సేసినావు?

మనవడు: రోజూ వెనక్కెళ్ళి కె ధరలూ కూడి భాగించా. కె లక్ష కూడా ఇస్తాడు. లక్ష సార్లు లక్ష కూడికలు, వెయ్యి కోట్లు! సెకనుకి పది కోట్లు చేసినా వంద సెకన్లు.

మామ్మ: ఓలమ్మ! నిన్న కూడినవే ఇయ్యాల మళ్ళీ కూడతావేటి?

మనవడు: నీకు తెలీదులే.

మామ్మ: నాకా తెలీదు? ఇలా రా.

(చొక్కా పట్టుకుని తలుపు వెనక్కి లాక్కెళ్తుంది. సుద్దతో ఏడు అంకెలు, కింద గీత. గీత కింద 1540 కొట్టేసి 1570. పక్కనే తడి వేలితో చెరిపిన మరక.)

మామ్మ: కానాగంతలు కిలో దర, ఏడు రోజులది. కొన్నా కొనకపోయినా రోజూ అడుగుతాను. పెదజాలారిపేట నించి గంపెత్తుకొచ్చే ఆవిడ పొద్దున్న 240 అన్నాది. 1540కి అది కలిపినాను, పోయిన మంగళారం 210 తీసేసినాను. అయిపోనాది.

మనవడు: మధ్యలో ఆరు రోజులో?

మామ్మ: ఆటి జోలికెందుకు? బస్సులో ఒకడెక్కినాడు, ఒకడు దిగినాడు. కండక్టరు మళ్ళీ అందరికీ టిక్కెట్టు కొడతాడేటి?

మనవడు: అయినా ఏడే ఎందుకు? ఏడాది మొత్తం సగటు పెట్టుకోవచ్చుగా.

మామ్మ: ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో సేపల ఏట బందు. అప్పటి దర ఇప్పటి సగటులో కలిపితే ఆవిడ పండగ సేసుకుంటాది.

మనవడు: (పరుగెత్తి టకటకా కొట్టి) సరే! సగటుకి, కొత్తది మైనస్ పాతది బై కె... కలిపేశా. ఛ! ఈసారి రాంగ్ ఆన్సర్.

మామ్మ: సగటునెందుకు దిద్దినావురా? మొత్తం దిద్దాలి గానీ! 240లో 210 పోతే 30. ఏడుకి పంచితే తలా నాలుగు, ఇంకా రెండు మిగిల్నాయి. ఆ రెండూ ఏవి?

మనవడు: పూర్ణాంకాల భాగహారం కదా... పోయాయి.

మామ్మ: రోజూ ఇలా పారేస్తే రెండు లక్షల రోజులకి కొంప కొల్లేరే.

మనవడు: పోనీ దశాంశాలు పెడతా.

మామ్మ: అసలు బాగారమే వొద్దు. ఏడు రోజుల సగటు 225కి తగ్గలేదని ఆవిడ వాదించినాదనుకో. ఏడు రెండొందల ఇరవై అయిదులు 1575. నా గోడ మీద 1570. తగ్గినట్టా కాదా?

(మనవడు నోరు మూసుకుని కొడతాడు. చూస్తాడు. నుదురు బాదుకుంటాడు.)

మామ్మ: మళ్ళీ ఏటి?

మనవడు: మొత్తం మైనస్‌లో వచ్చింది.

మామ్మ: అంటే సేపలిచ్చి ఎదురు డబ్బులిస్తన్నాదా? ఎక్కడుంటాదిరా ఆవిడ?

మనవడు: అది కాదు. ధర లక్ష దాకా ఉండొచ్చు, కె కూడా లక్ష. మొత్తం వెయ్యి కోట్లకి పోతుంది. నేను పెట్టింది 'ఇంట్' అనే రకం అంకె, అందులో 214 కోట్ల చిల్లరే పడుతుంది. దాటితే మైనస్‌లోకి తిరిగిపోతుంది.

మామ్మ: గిన్నె సిన్నదైతే పులుసు పొయ్యిలో పోతాది. పెద్ద గిన్నె లేదా?

మనవడు: ఉంది. లాంగ్ లాంగ్.

మామ్మ: అదేటి, రెండుసార్లు?

మనవడు: పేరే అంత! మొత్తానికీ, కె ఇంటూ టి కి కూడా అదే పెట్టాలి. ఆఁ... ఆఁ... మామ్మా, పచ్చగా వచ్చింది! యాక్సెప్టెడ్!

మామ్మ: ఎన్ని సెకన్లు?

మనవడు: సెకనులో పదో వంతు కూడా పట్టలేదు.

మామ్మ: మరి గంటన్నర నా పులుసు ఎందుకు సల్లార్చినావు? కంచం తే.

(మనవడు కంచం అందుకుంటూ మళ్ళీ తలుపు వెనక చూస్తాడు. చేపల లెక్క కింద ఇంకో ఐదు అంకెలు.)

మనవడు: ఇవేం ధరలు? పన్నెండు వేలు, తొమ్మిది వేలు... వంజరం కూడా అంతుండదే!

మామ్మ: అయి నీ ర్యాంకులు. ఐదు పోటీలయి. రేటింగు పడిపోనాదని ఏడ్సిన కాడ్నించి రాస్తన్నాను.

మనవడు: మామ్మా!

మామ్మ: (వేలు తడి చేసుకుని 12000 చెరిపేస్తూ) ఇదిగో, పాతది పోనాది. ఇయ్యాల్టిదెంత?

మనవడు: ...పదమూడు వేల చిల్లర.

మామ్మ: (సుద్ద ఎత్తి పట్టుకుని) సిల్లర కూడా సెప్పు. నాను పారెయ్యను.