అబ్బాయికి చెప్పాను

మా నాన్నగారికి రాసే జబ్బు ఉంది. కథలు కాదు, రొయ్యల చెరువు లెక్కలు. భీమవరం దగ్గర ఉండి అనే ఊరు దాటాక మాకో మూడెకరాల చెరువు. గట్టు మీద రేకుల షెడ్డులో మేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతూ ఉంటుంది. నాలుగు పూటలా వేసిన మేత, రొయ్యలు తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలిందెంత, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, కౌంటు ఎంత అంటే కిలోకి ఎన్ని రొయ్యలు, అన్నీ అందులోకెక్కుతాయి. చివర్న ‘విషయం’ అని ఒక గడి. నా కొంప ముంచింది ఆ గడే.

మాకు బీటెక్ రెండో ఏడు అవ్వగానే సమ్మర్ ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, లేకపోతే క్రెడిట్లు రావు. తెలివైనవాళ్ళు సంక్రాంతి కోడిపందేలు చూస్తూనే అప్లికేషన్లు పెట్టేశారు. నేను ఏప్రిల్ నెలాఖరున నిద్ర లేచాను. “పీఎం ఇంటర్న్‌షిప్ అంటరా, నెలనెలా డబ్బులిస్తారంట” అన్నాడు మా బాబాయి. చూస్తే ఫుల్ టైమ్ చదువులో ఉన్నవాళ్ళకి అప్పట్లో అది లేదు. ఇంకోచోట 2,000 కడితే పని చెయ్యకుండానే సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. నాన్నగారికి చెబితే, “పని నువ్వు చేసి డబ్బులు వాళ్ళివ్వాలి గానీ, ఇదేం బేరంరా?” అన్నారు.

ఆఖరికి హైదరాబాద్‌లో ఒక కంపెనీ దొరికింది. డేటా అనలిస్ట్ ఇంటర్న్. సీనియర్ అన్న రెజ్యూమే అడుక్కుని పేరు మార్చుకున్నాను. హాబీ దగ్గర ‘స్టాంపుల సేకరణ’ అని ఉంటే అదీ ఉంచేశాను. నేను పోస్టాఫీసు మెట్లెక్కి ఎరగను. కింద ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అని ఉంటుంది కదా, దాని కింద సంతకం పెట్టి ఫోనుతో స్కాన్ చేశాను. అదే పూట నాన్నగారి నోటుబుక్కూ స్కాన్ చేశాను, మేత కంపెనీ టెక్నీషియన్ అడిగాడని. ఒకటి ‘న్యూ డాక్యుమెంట్ 7’, ఇంకోటి ‘న్యూ డాక్యుమెంట్ 8’.

మర్నాడు టెక్నీషియన్ ఫోన్. “బాబుగారూ, మీ రెజ్యూమే చూశానండి. మా దగ్గర ఖాళీల్లేవండి. ఇంతకీ స్టాంపులు ఎన్నున్నాయండి?”

మెయిల్ తెరిచి చూసుకునేలోపే కంపెనీ జవాబు వచ్చేసింది. రెజ్యూమే అందలేదట గానీ డేటా బాగుందట. గురువారం 11 గంటలకి వీడియో ఇంటర్వ్యూ.

ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. గట్టు మీదే కుర్చీ వేసుకున్నాను. వెనకాల నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు గలగలలాడుతున్నాయి. అవతల మేడమ్ తెలుగావిడే.

“ఈ డేటా మీ చెరువుదేనా?”

యస్ మేడమ్ అని నాలుగు రోజులు ప్రాక్టీసు చేశాను. నోట్లోంచి “ఆయ్” అని వచ్చింది.

“రోజూ తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతోంది, ఎందుకు?”

ఇది పుస్తకంలో లేని ప్రశ్న, అందుకే నాకు తెలుసు. రాత్రి ఎండ ఉండదు గనక నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, పైగా ఉన్నదాన్ని తనూ పీల్చుకుంటుంది, తెల్లారేసరికి అడుగంటిపోతుంది, అందుకే ఏరేటర్లు, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేదంటే రొయ్యలు పైకి తేలిపోతాయి. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఏ వైవాలోనూ అంతసేపు మాట్లాడలేదు.

“వెరీ గుడ్. ఇప్పుడు ‘విషయం’ చూద్దాం,” అని ఆవిడ చదవడం మొదలెట్టారు.

“11వ తేదీ. రాత్రి 2కి కరెంటు పోయింది. జనరేటర్ వెయ్యమని అబ్బాయికి చెప్పాను. ఫోను చూస్తున్నాడు. నేనే వేశాను.”

“14వ తేదీ. పీహెచ్ చూడమని అబ్బాయికి చెప్పాను. చూడకుండా 8 అని వేశాడు.”

“17వ తేదీ. అబ్బాయికి చెప్పలేదు. పని అయింది.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. “ఈ అబ్బాయి ఎవరండీ?”

నాకొక ఉపాయం తట్టింది. నెట్ పోయి వీడియో ఆగిపోయినట్టు, నోరు సగం తెరిచి, కదలకుండా ఉండిపోయాను. రెప్ప కూడా వెయ్యలేదు.

“మీ వెనక ఏరేటర్ తిరుగుతోందండి,” అన్నారావిడ.

ఫలితం మెయిల్‌లో చెబుతామన్నారు. నేను మాత్రం లేవలేక అక్కడే కూర్చుండిపోయాను. సాయంత్రం మేత లెక్క రాయడానికి నోటుబుక్కు తీస్తే, అప్పటికే ఆ రోజు గడి నిండి ఉంది.

“22వ తేదీ. ఏరేటర్లు ఆరూ బాగున్నాయి. అబ్బాయి చెప్పకుండానే గట్టు మీదకి వచ్చాడు. రెండు గంటలు ఉన్నాడు. కారణం తెలియదు.”