మహారాజశ్రీ కొయ్యకాలు గారి సముఖానికి

న్యూయార్క్ మహానగరం, స్టైవెసెంట్ స్క్వేర్ పార్కులో వేంచేసియున్న శ్రీ పీటర్ స్టైవెసెంట్ గారి కొయ్యకాలు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. అయ్యగారి విగ్రహంతో పాటు కంచులో పోతపోశాక మీ పుట్టుక కొయ్య అన్న సంగతి మీరే మరిచిపోయి ఉంటారు. అందుకే ఈ ఉత్తరం.

1644లో మీ అయ్యగారు, అంటే తర్వాత ఈ ఊరికి డచ్చి గవర్నరుగా వచ్చిన స్టైవెసెంట్ గారు, కరీబియన్‌లో సెయింట్ మార్టిన్ దీవి మీద స్పానిష్‌వాళ్లతో కాలు దువ్వారు. ఫిరంగి గుండు తగిలి, ఆ దువ్విన కాలే పోయింది. అలా ఖాళీ అయిన పోస్టులో మీరు చేరారు. పైగా వెండి పట్టీలు! మా బందరులో ఆడపిల్లకి పట్టీలు చేయించడానికి ఎంత ఆలోచిస్తారో మీకేం తెలుసు. అవునండీ, మాది బందరే. అక్కడ వలందపాలెం అన్న పేటకి ఆ పేరు మీ డచ్చివాళ్ల వల్లే వచ్చింది. మా ఊరొచ్చింది డచ్చివాళ్ల తూర్పు కంపెనీ (ఈస్టిండియా), మీది పడమటి కంపెనీ (వెస్టిండియా). సవతి పిల్లలనుకోండి.

1647లో మీరు టకటకమంటూ న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రేవులో దిగారు. న్యూయార్క్‌కి అప్పటి పేరు అది. తండ్రి పిల్లల్ని ఏలినట్టు ఏలుతానని అయ్యగారు సెలవిచ్చారు. ఏ తరహా తండ్రో జనానికి త్వరలోనే తెలిసింది: రాత్రి తొమ్మిదికల్లా సారాకొట్లు బంద్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు మా వాళ్లు. మీ అయ్యగారి కుందేలుకు ఒక్కటే కాలు.

ఈ ఊళ్లో ఎవరిని కదిపినా, అన్ని జాతుల్నీ మతాల్నీ కలుపుకుపోయే గుణం డచ్చివాళ్లు పెట్టిన భిక్ష అంటారు. నిజమే కావచ్చు. కానీ 1654లో బ్రెజిల్ నుంచి 23 మంది యూదులు కట్టుబట్టలతో వచ్చి దిగితే, వాళ్లని వెళ్లగొట్టనివ్వమని కంపెనీకి ఉత్తరం రాసిందెవరు? కంపెనీ కుదరదంది. ధర్మం తెలిసి కాదు లెండి, కంపెనీ వాటాదారుల్లో యూదులున్నారు. సహనం వచ్చింది చిట్టాపద్దుల్లోంచి.

తర్వాత క్వేకర్ల వంతు. వాళ్లదో క్రైస్తవ శాఖ. వాళ్లని ఇంట్లోకి రానిస్తే జరిమానా అన్నారు. 1657లో ఫ్లషింగ్ గ్రామస్తులు అది తప్పని అర్జీ రాశారు. సంతకం చేసినవాళ్లలో క్వేకరు ఒక్కడూ లేడు. పరాయివాళ్ల కోసం పెట్టిన అర్జీ అది. అయ్యగారు అర్జీ తెచ్చినవాణ్ణే లోపలేశారు. 1662లో జాన్ బౌన్ అనే ఆయన తన ఇంట్లో క్వేకర్ల ప్రార్థనలు జరగనిచ్చాడని పట్టి, ఓడెక్కించి దేశం దాటించారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరి కంపెనీవాళ్లకే మొరపెట్టుకున్నాడు. ఆ జనాన్ని వాళ్ల మానాన వదిలెయ్యమని 1663లో అయ్యగారికి చీవాట్లొచ్చాయి.

గోడ సంగతీ చెప్పాలి. 1653లో ఇంగ్లీషువాళ్లు వస్తారని ఊరికి ఉత్తరాన కట్టించారు. దాని పేరుమీదే ఇవాళ వాల్ స్ట్రీట్. ఇంగ్లీషువాళ్లు 1664లో వచ్చారు, నాలుగు ఓడల్లో, సముద్రం వైపు నుంచి. లొంగిపోతే ఎవరి ఆస్తి వాళ్లకేనన్న ఉత్తరం పంపితే అయ్యగారు పరపరా చింపేశారు. ఊరివాళ్లు ముక్కలేరుకుని అతికించుకుని చదువుకున్నారు. లొంగిపోదామంటూ 93 మంది సంతకాలు పెట్టారు. అందులో ఒకటి అయ్యగారి కన్నకొడుకుది. కాళ్ల బేరానికి రాక తప్పలేదు. సగం బేరం మీదే, పాపం.

ఒక్కచోట మాత్రం నవ్వు రావడం లేదు. ఊరు చేజారడానికి కొద్ది రోజుల ముందు, గిడియన్ అనే ఓడ 290 మంది ఆఫ్రికన్ బానిసల్ని ఈ రేవులోనే దించింది. అయ్యగారి సొంత బానిసలు సుమారు 40 మంది. ఆ గోడ లేచింది కూడా బానిసల చేతుల మీదుగానే. మీ పట్టీల్లోని వెండి లెక్కలో వాళ్ల పేర్లెక్కడా లేవు. బ్రూక్లిన్‌లో నల్లవాళ్లు తరాలుగా బతికిన బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ పేటకి మాత్రం ఆయన పేరే. అద్దెతో పాటు అదీ మొయ్యాలి వాళ్లు. ఇక స్టైవెసెంట్ హైస్కూలుంది. అందులో సీటు కోసం మావాళ్లు పిల్లల్ని కోచింగుల్లో తోమిస్తున్నారు. ఆ బళ్లో ఒక్క క్లాసు హాజరు పట్టీ చూపిస్తే చాలు, అయ్యగారు మళ్లీ ఓడ సిద్ధం చేయించేవారు.

ఇంతకీ ఈ ఉత్తరం పిలుపు కోసం. జాన్ బౌన్ ఇల్లు ఫ్లషింగ్‌లో ఇంకా ఉంది, ఆ వీధి పేరు బౌన్ స్ట్రీట్. అదే వీధిలో మా వినాయకుడి గుడి. 1977 నుంచీ ఎవరి అనుమతీ అడక్కుండా గంట మోగుతోంది. కింద నేలమాళిగ క్యాంటీన్లో దోసెలు బాగుంటాయి. ఆదివారం అయ్యగారిని తీసుకుని రండి. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. గుడిలోకి చెప్పులతో రానివ్వరు. అయ్యగారు ఒకటి విడిస్తే చాలు.

ఇట్లు,
బందరు నుంచి వచ్చి క్వీన్స్‌లో స్థిరపడిన ఒక రెండు కాళ్ల మనిషి