సవరణ: ఫిబ్రవరి 8 ప్రెషెరెన్ జయంతి కాదు, వర్ధంతి

స్లొవేనియా ప్రముఖుల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, అక్కడి జాతీయ సెలవుదినమైన ఫిబ్రవరి 8ని కవి ఫ్రాంత్సె ప్రెషెరెన్ జయంతిగా పేర్కొన్నాను. అది నా పొరపాటు, పాఠకులు మన్నించాలి. ఆయన 1800 డిసెంబరు 3న వ్ర్బా గ్రామంలో పుట్టి, 1849 ఫిబ్రవరి 8న క్రాన్ పట్టణంలో కన్నుమూశారు. అక్కడివారు సాంస్కృతిక దినంగా పాటిస్తున్నది ఆ వర్ధంతినే. తేదీ ఒక్కటే కదా అని సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు, ఎందుకంటే తమ జాతీయగీతాన్ని కూడా ఆయన కవితలోని ఏడో చరణం నుంచే తీసుకున్న ప్రజలు, ఆ కవి వెళ్లిపోయిన రోజునే తమ భాషకూ కళలకూ పండుగగా నిలుపుకున్నారన్న అసలు సంగతి నా వాక్యంలో మరుగున పడిపోయింది.

మరొక సవరణ. స్లొవేనియా రాజధాని లుబ్లానాలో పక్కపక్కనే ఉన్న మూడు వంతెనలనూ వాస్తుశిల్పి యోజె ప్లెచ్నిక్ నిర్మించారని రాశాను. నిజానికి నడుమనున్న రాతి వంతెన 1842 నాటిది. ప్లెచ్నిక్ దాన్ని కూల్చకుండా, 1929–32 మధ్య దానికి చెరో పక్కన పాదచారుల కోసం ఒక్కో వంతెన చేర్చి, మూడింటికీ ఒకే తీరు రాతి పిట్టగోడలు అమర్చారు. వంతెన దిగగానే ఎదురయ్యే చౌకులో ప్రెషెరెన్ విగ్రహం ఉందన్న మాట మాత్రం సరైనదే.