ఎనిమిదో రోజు, విటమిన్ కె: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

"యూదులు మగబిడ్డకు ఎనిమిదో రోజే సున్తీ ఎందుకు చేస్తారో తెలుసా? రక్తం గడ్డకట్టించే విటమిన్ కె, ప్రోత్రాంబిన్ ఆ ఒక్కరోజే 110 శాతానికి చేరతాయి. సైన్స్ ఇప్పుడు కనిపెట్టింది, బైబిల్ ఎప్పుడో చెప్పింది!" వాట్సాప్‌లో ఈ ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంటుంది.

ముందు ఆ 110 సంగతి. పుట్టిన బిడ్డ ఒంట్లో విటమిన్ కె నిల్వలు చాలా తక్కువ, తల్లిపాలలోనూ కొంచెమే. అందుకే పుట్టగానే తొడకి ఇంజెక్షన్ వేస్తారు. వేయించకపోతే రక్తస్రావం ముప్పు మొదటి వారంతో పోదు, ఆరు నెలల దాకా ఉంటుంది. ప్రోత్రాంబిన్ పెద్దవాళ్ల స్థాయికి రావడానికే నెలలు పడుతుంది.

ఇక "అందుకే ఆ రోజు పెట్టారు" అనే మాట. ఆదికాండం 17లో దేవుడు అబ్రాహాముతో మాట్లాడింది నిబంధన, అంటే తమ మధ్య ఒడంబడిక గురించి. రక్తం గడ్డకట్టడం ఊసే లేదు. రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, కారణాలు వెతక్కపోలేదు, కాకపోతే వాళ్ల దారి వేరు. ఎనిమిదో రోజుదాకా ఆగితే మధ్యలో ఒక సబ్బాతు, అంటే వారాంతపు విశ్రాంతి రోజు, తప్పకుండా వస్తుంది, బిడ్డ ముందు రాణిలాంటి ఆ సబ్బాతు దర్శనం చేసుకోవాలి అన్నారు. మన పురుడు పదకొండో రోజే ఎందుకని ఎవరైనా ల్యాబ్ రిపోర్టు అడుగుతారా?

అసలు ఆ రోజే అంత క్షేమమైతే వాయిదా ఎందుకు? బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే ఆగమనే యూదుల ధర్మశాస్త్రం చెబుతుంది. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్ముద్‌లో రబ్బీ నాతాను చెప్పిన సంగతి ఒకటుంది. ఒక తల్లికి మొదటి కొడుకు సున్తీ తర్వాత పోయాడు, రెండోవాడూ పోయాడు. మూడోవాణ్ణి ఆయన దగ్గరికి తెచ్చింది. పిల్లాడు ఎర్రగా కందిపోయి ఉన్నాడు. "రక్తం ఒంట్లో ఇంకేదాకా ఆగమ్మా" అన్నాడాయన. ఆగింది, బిడ్డ బతికాడు, ఆయన పేరే పెట్టుకుంది. ఇది రోజులు లెక్కపెట్టినవాళ్ల మాట కాదు, బిడ్డను చూసినవాళ్ల మాట.

ఫార్వర్డ్ పూర్తిగా మరిచిపోయింది ఆడపిల్లని. ఆమెకు కత్తి లేదు, స్వాగతం మాత్రం ఉంది. ప్రార్థనామందిరంలో తోరా, అంటే మోషే అయిదు గ్రంథాలు, చదివేటప్పుడు తండ్రిని పిలిచి, దీవించి, బిడ్డ పేరు ప్రకటిస్తారు. సెఫార్దీ (స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదుల) కుటుంబాల్లో ఆ వేడుక 'జెవెద్ హబత్', అంటే కూతురనే కానుక. బైబిల్ ప్రేమగీతాల పుస్తకం పరమగీతంలోని బండసందుల పావురం మాట అప్పుడే చదువుతారు. మగబిడ్డకు సున్తీ రోజున చెప్పే దీవెన ఇది: నిబంధనలోకి వచ్చినట్టే తోరాలోకి, పెళ్లిపందిట్లోకి, మంచి పనుల్లోకి రావాలి. ఈ రోజుల్లో చాలా ఇళ్లల్లో కూతురికీ ఆ మూడూ కోరుకుంటున్నారు.