మూడు రూపాయల క్లిక్కా, ఇరవై రూపాయల క్లిక్కా?

తమ్ముడు అఫిలియేట్ లింకులతో, అంటే తన లింకు ద్వారా ఎవరైనా కొంటే కమిషన్ వచ్చే పద్ధతిలో, వాటర్ ప్యూరిఫైయర్లు అమ్మించాలని చూస్తున్నాడు. గూగుల్ యాడ్స్‌లో జనం వెతికే మాటలకి (కీవర్డ్‌లకి) వేలం పాడి యాడ్ వేస్తారు, క్లిక్కుకి ఇంతని డబ్బు కడతారు. అందులో చౌక కీవర్డ్‌లు ఏరుకుంటేనే తనలాంటివాడికి లాభం అంటాడు. అక్క ఉద్యోగమే ఇతరుల యాడ్ అకౌంట్లు నడపడం. ధర చూసి కీవర్డ్ కొనేవాడు మునుగుతాడని ఆవిడ వాదన. లెక్క కోసం ఇద్దరూ కొన్ని అంకెలు అనుకున్నారు: యంత్రం ధర 12,000 రూపాయలు, కమిషన్ 5 శాతం, అంటే అమ్మకానికి 600. తమ్ముడి చేతిలో ఉన్నది 5,000.

తమ్ముడు: అక్కా, ‘బెస్ట్ వాటర్ ప్యూరిఫైయర్’ అనే మాటకి క్లిక్కు ఇరవై అనుకో. నా 5,000కి 250 క్లిక్కులు కూడా రావు, జీఎస్టీ కూడా పోవాలిగా. అదే ‘టీడీఎస్ 900 ఉంటే ఏ ఫిల్టర్ వాడాలి’ లాంటివి (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క) మూడు రూపాయలకి దొరుకుతాయి. అలాంటివి రెండొందలు పోగేస్తా.

అక్క: మూడు రూపాయలకే ఎందుకు దొరుకుతోందో ఆలోచించావా? గూగుల్ ఇచ్చే కీవర్డ్ ప్లానర్‌లో పోటీ తక్కువ అని ఉంటే, దాని మీద బిడ్ (వేలం పాట) వేసేవాళ్లు తక్కువని అర్థం. ఎవరి కంటా పడలేదా, పడ్డవాళ్లంతా చేతులు కాల్చుకుని పారిపోయారా అన్నది ప్లానర్ చెప్పదు. నాలుగొందల క్లిక్కులకి ఒకడు కొన్నాడనుకో. 1,200 ఖర్చు, పైన 18 శాతం జీఎస్టీ 216. మొత్తం 1,416 పెట్టి 600 తెచ్చుకున్నావు. ఇరవై రూపాయల మాటలో ఇరవై మందికి ఒకరు కొంటే 472కే ఆ 600 వస్తుంది. ఇప్పుడు చెప్పు, ఏది చౌక?

తమ్ముడు: ఇరవై మందికి ఒకరు కొంటారా? ఏ ఊళ్లో అక్కా? పన్నెండు వేల వస్తువు, వందకి ఒకరు కొంటే గొప్ప. అప్పుడు నీ ఇరవై రూపాయల మాటకి 2,360 ఖర్చవుతుంది. నా లెక్క వేరు. వంద క్లిక్కులకి 600 వస్తే క్లిక్కుకి ఆరు రూపాయలు, జీఎస్టీ తీసేస్తే 5.08. అంతకు మించి ఇచ్చానంటే నా జేబులోంచి పెట్టుకోవాల్సిందే. కంపెనీవాడు ఇరవై ఇవ్వగలడు. వాడికి యంత్రం మీద మార్జిన్ ఉంది, ఏటా ఫిల్టర్లు మార్చిన డబ్బు వస్తుంది, ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) ఉంది. నాకు వచ్చేది ఒక్కసారి 600. వాడు కూర్చున్న వేలంలో నేనెలా కూర్చోను?

(ఈ దెబ్బకి అక్క దగ్గర జవాబు లేదు. నాకు తెలిసి అఫిలియేట్‌లకి ఇంతకన్నా గట్టి వాదన లేదు. మొండిగా పెద్ద కీవర్డ్‌ల మీద పడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.)

అక్క: సరే, ఐదు రూపాయలు దాటకూడదు, ఒప్పుకున్నా. కానీ ఆ ఐదు ఎలా తేలుతుందో చూడు. 1998లో గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైట్ మొదలైనప్పుడు ఎవడు ఎక్కువ పాడితే వాడి యాడ్ పైన. 2002 నుంచి గూగుల్ పాటతో పాటు ఆ యాడ్‌ని జనం నొక్కుతున్నారా లేదా అని కూడా చూస్తోంది. ఇప్పుడైతే నువ్వు దింపే పేజీ ఎలా ఉందో కూడా లెక్కలోకి వస్తుంది. పదికి ఇచ్చే క్వాలిటీ స్కోర్‌లో ఆ సంగతి నీకు కనిపిస్తుంది. అదే మాట ఒకడికి ఎనిమిది రూపాయలు పడి ఇంకొకడికి ఐదు పడొచ్చు. నీ పేజీ చూపించు.

తమ్ముడు: పేజీ ఏముంది, పైన బొమ్మ, కింద బటన్...

అక్క: బటన్ నొక్కితే కంపెనీ సైట్. అంతేగా? వచ్చినవాణ్ణి ఇంకో చోటికి పంపడం తప్ప ఏ పనీ లేని పేజీని గూగుల్ యాడే వేయనివ్వదు. 900 టీడీఎస్ అని వెతికినవాడికి ముందు విషయం చెప్పు. తాగేనీటికి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేకపోతే 2,000 దాకా పర్లేదంటుంది. యూవీ యంత్రం క్రిముల్ని చంపుతుంది కానీ టీడీఎస్ తగ్గించదు, అతనికి కావాల్సింది ఆర్‌ఓ. ఇంత చెప్పాక అప్పుడు బటన్ పెట్టు.

తమ్ముడు: అది రాస్తాలే. అసలు నేను ఈ మాటలు ఎన్నుకున్నదే అందుకు. టీడీఎస్ మీటర్ పెట్టి చూసుకున్నవాడు ఊరికే తిరిగేవాడు కాదు. బోరు నీళ్లతో కెటిల్‌లో తెల్లటి పొర కట్టి విసిగిపోయినవాడు. ఇలాంటివి నెలకి ముప్పై మంది వెతికినా పెద్ద కంపెనీలు పట్టించుకోవు, వాటి మీద ఒక మనిషిని కూర్చోబెడితే జీతం గిట్టదు. నాకు గిడుతుంది.

అక్క: గిట్టిందని ఎలా తెలుస్తుంది? 5,000లో జీఎస్టీ పోగా 4,237. క్లిక్కు మూడు చొప్పున 1,412 క్లిక్కులు. రెండొందల మాటలకి పంచితే తలా ఏడు. వందకి ఒకరు కొనే మాటలో ఏడు క్లిక్కులకి ఎవరూ కొనకపోతే అది మంచి మాటో చెడ్డ మాటో ఎవరు చెప్పగలరు? వందకి ఇద్దరు కొనే మంచి మాటకి కూడా యాభై క్లిక్కుల్లో ఒక్క అమ్మకమూ రాకపోవడం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ సార్లు జరుగుతుంది. నువ్వేమో పదో క్లిక్కుకే టెన్షన్ పడి ఆపేస్తావు.

తమ్ముడు: మాట మాటకీ తీర్పు ఎందుకు చెప్తాను? బోరు నీళ్లవి ఒక గుంపు, టీడీఎస్‌వి ఒక గుంపు, ఫ్లోరైడ్‌వి ఒక గుంపు. నాలుగు గుంపులు చేస్తే ఒక్కోదానికి మూడొందల యాభై క్లిక్కులు. అప్పుడు తెలుస్తుందిగా.

అక్క: ఇది బాగుంది. ముందే చెప్పొచ్చుగా! అయితే మ్యాచ్ టైప్ ఏది పెట్టావు, అంటే వెతికిన మాట నీ కీవర్డ్‌కి ఎంత దగ్గరగా ఉంటే యాడ్ రావాలని?

తమ్ముడు: బ్రాడ్, కాస్త సంబంధం ఉన్నా చాలు. అదే అర్థం ఉంటేనే చూపే ఎగ్జాక్ట్ పెడితే సగం మాటలకి ‘లో సెర్చ్ వాల్యూమ్’ (వెతికేవాళ్లు తక్కువ) అని ముద్ర వేసి యాడే చూపించడం లేదు.

అక్క: నీ మూడు రూపాయలు కారిపోయేది అక్కడే. బ్రాడ్‌లో ‘బోరు నీళ్ల ఫిల్టర్’ పెడితే బోరు మోటార్ రిపేర్‌వాడూ వస్తాడు, ఆర్‌ఓ సర్వీస్ నంబర్ కోసం వెతికేవాడూ వస్తాడు. వాడి ఇంట్లో యంత్రం ఉంది, చెడిపోయింది, నీకు పైసా రాదు. జనం ఏం వెతికి వచ్చారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్‌లో చూసుకుని తీసేద్దామన్నా, 2020 నుంచి తక్కువ మంది వెతికినవి గూగుల్ అందులో చూపించడం లేదు. నీవన్నీ అలాంటివే. ఆ రెండిటికీ మధ్యలో ఉండే ఫ్రేజ్ పెట్టు, నెగటివ్‌లు, అంటే యాడ్ రాకూడని మాటలు, ముందే రాసుకో. ‘సర్వీస్’ పెట్టినంత మాత్రాన ‘సర్వీసింగ్’ ఆగదు, రెండూ పెట్టాలి.

తమ్ముడు: మరి తెలుగు కీవర్డ్‌లు? 2018 నుంచి తెలుగులోనూ యాడ్ వేయొచ్చు. పోటీ ఎక్కువ ఉండదు. కొంతమంది తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, అవీ తీసుకుంటా.

అక్క: తీసుకో. కానీ నీ పేజీ తెలుగులో శుభ్రంగా చదివి, ఊళ్లో డీలర్‌కి ఫోన్ చేసి కొన్నవాడి మీద నీకు కమిషన్ రాదు. వాడికి కావాల్సింది వచ్చి బిగించే మనిషి. అమ్మకం జరుగుతుంది, నీ లెక్కలో కనిపించదు.

తమ్ముడు: అయితే కంపెనీ పేరు పక్కన ‘కూపన్’ చేర్చి బిడ్ వేస్తా. వాడు ఆన్‌లైన్‌లో కొనడానికే వస్తాడు.

అక్క: ఒప్పందం చదివావా? చాలా ప్రోగ్రాముల్లో బ్రాండ్ పేరు మీద బిడ్ వేస్తే ఆ కమిషన్ ఎగ్గొట్టి అకౌంట్ మూసేస్తారు. అమెజాన్ అయితే 2009 మే నుంచి ఉత్తర అమెరికాలో పెయిడ్ సెర్చ్ లింకులతో నేరుగా పంపినవాళ్లకి కమిషనే ఆపేసింది. ఎలాగూ కొనబోయేవాడి మీద నీకు డబ్బు ఎందుకివ్వాలి అంటారు, వాళ్ల వైపు నుంచి న్యాయమే. ‘కూపన్’ కూడా నెగటివ్‌లో పడెయ్.

తమ్ముడు: సరే. సర్వీస్, సర్వీసింగ్, రిపేర్, మోటార్, కస్టమర్ కేర్, సెకండ్ హ్యాండ్, కూపన్. రాసుకున్నా.

అక్క: ‘ఈఎంఐ’ కూడా రాయి.

తమ్ముడు: అది మాత్రం రాయను.

అక్క: డబ్బుల్లేక చూసేవాళ్లురా వాళ్లు.

తమ్ముడు: కొనాలని తేల్చుకున్నాకే కదా అక్కా, ఎలా కట్టాలో చూసేది? నాలుగు గుంపులు కాదు, ఐదు. ఐదోది ఈఎంఐ.

అక్క: నీ డబ్బు, నీ ఇష్టం. దాని బడ్జెట్ మాత్రం విడిగా పెట్టు, మిగతా వాటిలో కలపకు.