స్టెప్పు తప్పితే సున్నా

ఏడో తరగతి లెక్కల క్లాసులో లెక్కలు చెబుతారని ఇంకా నమ్ముతున్న తల్లిదండ్రులు కొందరున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, జాలి మాత్రం ఉంది. జూన్‌లో బడి తెరిచిన వారానికే డైరీలో అంటించి పంపే 'మ్యాథ్స్ క్లాస్ రూల్స్' కాగితం కింద సంతకం పెట్టి ఉంటారే గానీ, చదివి ఉండరు. మా ఇంటికొచ్చినదాన్ని నేను కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. ఇంత పకడ్బందీ పత్రం ఈమధ్య నా కంటపడలేదు. దాన్ని సమర్థించడం పౌరుడిగా నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదట సామగ్రి. లెక్కలకు పాఠ్యపుస్తకం, ఫౌండేషన్ మెటీరియల్, ఫెయిర్ నోట్సు, రఫ్ నోట్సు, హోంవర్క్ నోట్సు, స్లిప్ టెస్టుల నోట్సు, గ్రాఫ్ పుస్తకం, జామెట్రీ బాక్సు. అన్నింటికీ బ్రౌన్ అట్ట, ప్రతి పేజీకీ స్కేలు పెట్టి గీసిన మార్జిను. రఫ్ నోట్సు కూడా నీటుగా ఉండాలట. అందుకని మావాడు రఫ్ నోట్సుకు ఇంకో రఫ్ నోట్సు పెట్టుకున్నాడు. అది కూడా నీటుగా ఉండాలనే రూలు వచ్చే ఏడాది వస్తుందని ఆశిద్దాం.

పుస్తకాల సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కేంద్ర విద్యాశాఖ 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీలో చెప్పింది. కొందరు దీన్ని పట్టుకుని బడుల మీద పడుతున్నారు. అన్యాయం. నిష్పత్తిలో రెండు పదాలుంటాయి. ఒకటి తగ్గనప్పుడు రెండోది పెరగాలి. సంచి 7 కిలోలుంటే పిల్లవాడు 70 కిలోలుండాలి, అంతే. ఇది ఏడో తరగతి లెక్కే. సంచిని సిద్ధం చేసి బడి తన వంతు పూర్తి చేసింది. ముద్దపప్పు, నెయ్యి సంగతి ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు హోంవర్క్ రోజుకు గంట మించకూడదని కూడా అదే పాలసీ చెప్పింది. మన టీచర్లు పాలసీకి కట్టుబడ్డ మనుషులు. లెక్కల సారు సరిగ్గా గంట పనే ఇస్తారు. సైన్సు మేడమూ గంటే. సోషల్, ఇంగ్లీషు, హిందీ, తెలుగు, ఎవరూ గంట దాటరు. విడివిడిగా చూస్తే ఆరుగురూ నిర్దోషులే. కలిపి చూడమని ఎవరు చెప్పారు?

ఇక రూల్సన్నింటికీ గుండెకాయ, స్టెప్పులు. జవాబు ఒక్కటే రాస్తే మార్కు లేదు. మొన్నటి స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న: ఒక సంఖ్యను మూడింతలు చేసి ఐదు కలిపితే ఇరవై వచ్చింది, ఆ సంఖ్య ఏది? మావాడు 5 అని రాశాడు. పక్కనే సరిచూసుకున్నాడు కూడా, మూడైదులు పదిహేను, ఐదు కలిపితే ఇరవై అని. సున్నా. ఎర్ర ఇంకుతో 'వేర్ ఆర్ ద స్టెప్స్?' అనే వ్యాఖ్య. వాడి పక్కన కూర్చునే అబ్బాయి 'లెట్ ద నంబర్ బీ ఎక్స్' అని మొదలుపెట్టి, ఐదును అటువైపు పంపేటప్పుడు గుర్తు మార్చడం మరిచిపోయి, ఇరవై ఐదును మూడుతో భాగించి, వచ్చినదానికి స్కేలుతో డబ్బా కూడా గీశాడు. మూడు మార్కులకు రెండు. తప్పు చేసినా పద్ధతిగా చేశాడు. మనకు రేపు ఆఫీసుల్లో కావలసింది ఇలాంటివాళ్లే.

ఐదు అటు వెళ్తే మైనస్ ఎందుకవుతుంది సార్ అని మావాడు అడిగాడట. క్లాసు టైము వృథా చేయరాదనే రూలు ఒకసారి చదువుకోమన్నారట. సబబే. రెండు వైపుల నుంచీ ఐదు తీసేస్తున్నాంరా, తక్కెడలో రెండు పళ్లేల్లోంచీ ఒకే బరువు తీసినట్టు, అని చెప్పడానికి అర నిమిషం పడుతుంది. అర నిమిషం అలా ఇచ్చేస్తే రేపు ఇంకోడు లేస్తాడు, భిన్నాల భాగహారంలో రెండోదాన్ని ఎందుకు తిరగేయాలి అంటాడు. ఎందుకు అనే అలవాటు ఒకసారి పట్టిందంటే భిన్నాలతో ఆగదు. ఫీజుల దాకా వస్తుంది.

పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడి దాన్ని అక్షరాలా పాటిస్తోంది, బెత్తమన్నదే లేదు. తప్పిన లెక్కకు ఇరవై ఐదుసార్లు ఇంపోజిషన్, అంతే. బెత్తమైతే పిల్లవాడి అరచేతితో పోయేది. ఇంపోజిషన్ ఇంటిల్లిపాదినీ కలుపుతుంది. రాత్రి పది దాటాక వాడు నిద్రలో తూగుతుంటే పద్నాలుగోసారి నుంచి మా ఆవిడే రాస్తుంది. ఏడు అంకెకు వాడు మధ్యలో అడ్డగీత పెడతాడు, ఆవిడ పెట్టదు. దొరికిపోకూడదని ఇప్పుడు ఆవిడకూ అలవాటైంది. పాలవాడి లెక్కలో కూడా ఏడుకు అడ్డగీత పడుతోంది.

డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవం ఇదే బడిలో ఘనంగా జరుపుతారు. రామానుజన్ ఫొటోకు బంతిపూల దండ, వక్తృత్వ పోటీ, గెలిచినవాళ్లకు స్టీలు గ్లాసు. కాగితం ఖరీదని ఆయన పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, చివరికి తేలిందాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. స్టెప్పులు దాదాపు ఉండవు. మార్జిను సంగతి చెప్పలేను. ఆ ఫలితాలకు నిరూపణలు రాయడానికి తర్వాతి గణితవేత్తలకు దశాబ్దాలు పట్టింది. చిన్నప్పుడే ఇలాంటి బడిలో వేసి ఉంటే ప్రపంచానికి ఈ శ్రమ తప్పేది. ఆ నోటుబుక్కులూ తప్పేవనుకోండి, అది వేరే విషయం.

కాగితం చివర్లో, కాస్త చిన్న అక్షరాల్లో, ఫీజుల వరస ఉంది. మెటీరియల్‌కింత, టెస్టులకింత, మ్యాథ్స్ ల్యాబ్‌కింత. ల్యాబ్ ఎక్కడుందో మావాడికి తెలియదు, బహుశా అది గదికి సంబంధించిన భావన కాదేమో. అన్నింటికంటే పెద్ద అంకె 'ఇతరములు' ఎదురుగా ఉంది. శనివారం ఆఫీసు కిటికీ దగ్గర వరసలో నిలబడి, ఈ ఇతరములు ఎలా వచ్చాయో కాస్త విడమరిచి చెబుతారా అమ్మా అని అడిగాను.

"బ్రేకప్ ఉండదు సార్, టోటలే ఉంటుంది" అంది ఆ అమ్మాయి, తలెత్తకుండానే. "క్యాషా, ఫోన్‌పేనా?"