మా ఇంటి కంప్యూటర్ ఎవరి మెయిల్ ఐడీతో నడవాలి?

నిన్న సాయంత్రం తెనాలి నుంచి నాన్నగారు ఫోన్ చేసి, "ల్యాప్‌టాప్ తెరిస్తే నీలం రంగు తెర మీద ఏదో రికవరీ కీ అడుగుతోందిరా, అలాంటిది నాకెవరూ ఇవ్వలేదే" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కోపం చల్లారలేదు. ఆ కీ 48 అంకెల సంఖ్య. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే అందులోని సమాచారానికి తాళం పడి ఉన్న కంప్యూటర్‌లో, దాన్ని మొదట లేపే బయోస్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్ వంటి మార్పు జరిగినప్పుడు, తెరుస్తున్నది యజమానో కాదో తేల్చుకోవడానికి విండోస్ దాన్ని అడుగుతుంది. మొదటి సెటప్‌లో ఏ ఆన్‌లైన్ అకౌంట్, అంటే మెయిల్ ఐడీతో తెరిచే మైక్రోసాఫ్ట్ అకౌంట్ వాడితే ఆ అకౌంట్‌లో అది దాగి ఉంటుంది. మా నాన్నగారి ల్యాప్‌టాప్‌కు వాడిన అకౌంట్ మా నాన్నగారిది కాదు. రెండేళ్ల కిందట కొన్న రోజున, "మీకెందుకు సార్ శ్రమ" అంటూ షాపు కుర్రాడు షాపు మెయిల్ ఐడీతోనే పని ముగించి, నాలుగంకెల పిన్ ఒక చీటీ మీద రాసిచ్చి పంపించాడు. ఇప్పుడు షాపుకు ఫోన్ చేస్తే, ఆ పాస్‌వర్డ్ ఆ కుర్రాడికే తెలుసునని, అతడు ఆరు నెలల కిందటే పని మానేశాడని, ఓటీపీ వెళ్లే నంబరు కూడా అతనిదేనని చెప్పారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో ఆ షాపువారికి తెలియదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. మా తాతగారు పాత నోటు పుస్తకాల్లో రాసిన పద్యాలను నాన్నగారు రిటైరైన తరువాత ఒక్కొక్కటిగా టైపు చేసి, ప్రతి పద్యం కింద తాత్పర్యం రాసుకున్నారు. పద్యాలు చెదలు తిన్న కాగితాల మీద ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. తాత్పర్యాలు ఆ డిస్క్‌లో తప్ప మరెక్కడా లేవు.

రెండేళ్లూ ఈ సంగతి బయటపడకపోవడానికి కారణం ఆ పిన్. రోజూ నాలుగంకెలు కొడితే కంప్యూటర్ తెరుచుకుంటుంది కాబట్టి, వెనుక ఎవరి అకౌంట్ ఉందో చూడవలసిన అవసరం ఎవరికీ రాదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్నగారి ఫైళ్లున్న ఫోల్డర్ పేరు ఏదో వింతగా, అయిదు అక్షరాలుగా కనిపించింది. ఆన్‌లైన్ అకౌంట్‌తో సెటప్ చేస్తే మెయిల్ ఐడీలోని మొదటి అయిదు అక్షరాలే ఆ ఫోల్డర్‌కు పేరవుతాయని నాకు తెలుసు. అయినా ఆ రోజు అడగలేదు, ఆ బాధ నాకుంది.

మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. స్విచ్ వేస్తే తెర మీద మా ముగ్గురి పేర్లూ వరుసగా కనిపించేవి. నాన్నగారికి చదరంగం బొమ్మ, అమ్మకు పువ్వు, నాకు బాతు. ఆ మూడూ లోకల్ అకౌంట్లే, అంటే ఆ కంప్యూటర్‌కే పరిమితమైనవి. వాటి కోసం ఎవరికీ మెయిల్ ఐడీ ఇవ్వలేదు, ఎవరి ఓటీపీ కోసమూ ఎదురు చూడలేదు. 2012లో విండోస్ 8తో ఆన్‌లైన్ అకౌంట్ వచ్చినప్పుడు కూడా అది వద్దనుకునే దారి ఉండేది. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైనప్పుడు హోమ్ ఎడిషన్‌కు మొదటి సెటప్‌లోనే ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాది సొంతానికి వాడుకునే ప్రో ఎడిషన్‌కూ ఆ నియమం వర్తించింది. తెలిసినవాళ్లు షిఫ్ట్, ఎఫ్10 నొక్కి ఒక ఆదేశం టైపు చేసి తప్పించుకునేవారు. 2025లో, విడుదలకు ముందు పరీక్షించి చూసే వెర్షన్ల నుంచి ఆ ఆదేశంతో నడిచే చిన్న స్క్రిప్టును కూడా తీసేశారు. మ్యాక్‌లో ఆపిల్ అకౌంట్‌ను తరువాత చూసుకుంటానని దాటవేయవచ్చు, ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో మొదటి నుంచీ లోకల్ అకౌంటే. అంటే ఆన్‌లైన్ అకౌంట్ లేకుండా కంప్యూటర్ నడవాలనడం సాంకేతికంగా సాధ్యం కాని కోరిక కాదు.

ఆన్‌లైన్ అకౌంట్‌తో మేలు లేదని నేను అనను. రోజూ ల్యాప్‌టాప్‌తో రైలెక్కేవారికి డిస్క్ తాళం అవసరమే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ప్రవేశిస్తే ఆ తాళం చాలా కంప్యూటర్లలో దానంతటదే పడుతుంది, లోకల్ అకౌంట్‌తో అలా పడదు. అయితే ముందు గదిలో బల్ల మీద నుంచి కదలని కంప్యూటర్‌కు, డెబ్బయ్యేళ్ల మనిషికి ఏది కావాలో ఆయన్నే కూర్చోబెట్టి తేట తెలుగులో అడగాలి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎలా అంటారు. లోకల్ అకౌంట్‌కు మూడు రహస్య ప్రశ్నలు పెట్టుకునే వీలు 2018 నుంచే ఉంది.

అమ్మ ఫోన్ విషయంలోనూ ఇదే జరిగింది. నాలుగేళ్ల కిందట వేరొక షాపులో ఆమె పేరుకు ఏవో అంకెలు తగిలించి మెయిల్ ఐడీ చేసి, పాస్‌వర్డ్ చెప్పకుండా ఫోన్ చేతిలో పెట్టారు. ఆ ఫోన్ పాడైన రోజున అందులోని నంబర్లన్నీ పోయాయి, మా పెద్దమ్మ చివరి పుట్టినరోజు ఫొటోలు కూడా పోయాయి. ఆ ఫొటోల కోసం అమ్మ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. పెద్దవాళ్లకు తెలియదులే అన్న ఆ ఒక్క తలంపు మీద నాకు అప్పటి నుంచీ మంట. తెలియనివారికి తెలియజెప్పడానికి పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలు ఇవ్వని షాపు వేల రూపాయల వస్తువు ఎలా అమ్ముతుంది?

ఈ ఉదయం షాపువారు ఆ కుర్రాడి నంబరు ఇచ్చారు. మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. ఆదివారం తెనాలి వెళుతున్నాను. అప్పటికీ కీ దొరక్కపోతే ఆ డిస్క్‌ను చెరపకుండా ఊడదీసి పక్కన దాచి, కొత్త డిస్క్ వేసి, నాన్నగారి పేరుతో లోకల్ అకౌంట్ పెడతాను. పాస్‌వర్డ్ ఆయన చేత్తోనే ఒక కాగితం మీద రాయించి, ఇంటి పన్ను రసీదుల ఫైల్లో పెట్టిస్తాను.